కుళ్ళుమోతు భూలక్ష్మి

భూలక్ష్మికి కుళ్ళు ఎక్కువ. ఈ మాట వెనకాల అన్నవాళ్ళు ఉన్నారు, ముఖం మీద అన్నవాళ్ళూ ఉన్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. "ఎందుకుండదండీ? ఏడ్చిందేమో నేను, షీల్డు పట్టుకెళ్ళిందేమో ఆవిడ" అనేది. డబ్బింగ్ ఆర్టిస్టు జీవితచరిత్ర ఇంతకంటే క్లుప్తంగా ఎవరూ రాయలేరు.

తెనాలిలో నాటకాలు వేసి, హీరోయిన్ అవుదామని అరవైల్లో మద్రాసు రైలెక్కింది. టెస్టు తీసినవాళ్ళు గొంతు బంగారం అన్నారు. ముఖం గురించి ఏమీ అనలేదు. అనకపోవడంలోనే జవాబుంది కాబట్టి ఆమె మళ్ళీ అడగలేదు. ఆ తరవాత పాతికేళ్ళపాటు తెలుగు ముక్క రాని అందగత్తెలంతా ఆమె గొంతుతో ప్రేమించారు, అలిగారు, కన్నారు, చచ్చిపోయారు. బస్సులో వెనకసీటు ఆడవాళ్ళు "ఆ పిల్ల మాట ఎంత తియ్యనమ్మా" అని ఎవరో హీరోయిన్‌ని మెచ్చుకుంటుంటే భూలక్ష్మి వెనక్కి తిరిగేది కాదు. తిరిగి ఏమని చెప్పుకుంటుంది?

సూర్యప్రకాశరావుని పెళ్ళి చేసుకోవడానికి కారణం కూడా ఈ కుళ్ళే. ఆయన సౌండ్ రికార్డిస్టు. డబ్బింగ్ థియేటర్లో అద్దం అవతల మీటల ముందు కూర్చుని, టేక్ మొదలవగానే కళ్ళు మూసుకునేవాడు. ఎదురుగా తెర మీద అప్సరస వానలో తడుస్తున్నా కళ్ళు తెరిచేవాడు కాదు. పరిశ్రమ మొత్తంలో హీరోయిన్ని చూడకుండా తన మాట మాత్రమే వినే మగవాడు ఈయనొక్కడేనని భూలక్ష్మికి అర్థమైంది. పెళ్ళయ్యాక ఇంట్లో ఆయన ఆమెని "లచ్చీ" అనేవాడు, థియేటర్లో అందరు ఆర్టిస్టుల్నీ పిలిచినట్టే "మేడమ్" అనేవాడు. ఒక హీరోయిన్ ఆయనతో మరీ నవ్వుతూ మాట్లాడుతోందని భూలక్ష్మి ఆ పిల్ల చావు సీనుకి కావాలని ముక్కుతో మాట్లాడింది. ఆయన మైకులోంచి "మేడమ్, జలుబు తగ్గాక చేద్దాం" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాపుకోలేక చచ్చారు.

పరిశ్రమ హైదరాబాదుకి తరలి వచ్చినప్పుడు వాళ్ళూ వచ్చి, ఎనభైతొమ్మిదిలో ఫిల్మ్‌నగర్ ఏటవాలులో ఒక ఫ్లాటు తీసుకున్నారు. చుట్టూ బండలు పేల్చి బంగళాలు కడుతున్న రోజులు. తొంభైమూడులో ఒక సినిమా మిక్సింగ్ చేస్తూ సూర్యప్రకాశరావు శవయాత్ర సీనుకి పెళ్ళి సన్నాయి కలిపాడు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక కోపంతో ఇంటికొచ్చేశాడు. మర్నాడు అదే థియేటర్‌కి దారి తెలియక జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర నిలబడిపోయాడు. డాక్టర్లు డిమెన్షియా అన్నారు.

బంధువులు వచ్చి భూలక్ష్మిని పతివ్రత అన్నారు. మన దేశంలో ఇది చాలా చవకైన సహాయం. ఆ బిరుదు ఇచ్చినవాళ్ళలో ఒక్కరూ ఒక పూట ఆయన దగ్గర కూర్చుంటాం, నువ్వు కాస్త నడుం వాల్చు అనలేదు. పతివ్రతలకి నిద్ర అక్కర్లేదని అనుకున్నారు కాబోలు.

కాస్త నడుం వాల్చమన్నది శ్రీనగర్ కాలనీలో ఉండే మానసిక వైద్యురాలు లీలాకుమారి. తొంభైఆరులో ఆమె ఫిల్మ్‌నగర్ కమ్యూనిటీ హాల్లో ఒక శిక్షణ తరగతి పెట్టింది. ఇలాంటి రోగులున్న ఇళ్ళకి వెళ్ళి వాళ్ళతో ఎలా మాట్లాడాలి, ఎలా తినిపించాలి, చూసుకునేవాళ్ళకి కాసేపైనా ఊపిరి ఎలా ఇవ్వాలి అన్నది వలంటీర్లకి నేర్పడం దాని పని. హాల్లో దీపం వెలిగించారు, సేవ గురించి సూక్తి రాసిన బ్యానర్ కట్టారు, ఒక పెద్దమనిషి ఉపన్యాసం చెప్పి కారెక్కి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక అసలు పని మొదలైంది. మొదటి బ్యాచ్‌లో నేర్చుకుని భూలక్ష్మి ఇంటికి మంగళవారం, శుక్రవారం రావడానికి ఒప్పుకున్నది శకుంతల.

శకుంతలది మధురానగర్. నలభై దాటిన మనిషి, భర్త కరెంటాఫీసులో పనిచేస్తాడు, పిల్లలు కాలేజీలో. సేవాభావం ఎలా కలిగిందని అడిగితే ఆమె దాచుకోలేదు.

"క్లాసు ఫిల్మ్‌నగర్ల అన్నరు, హీరోలు కనవడ్తరేమోనని వచ్చిన అక్కా. ఒక్కడు గూడ కనవడలే. గీడ అందరు మా లెక్కనే బండికాడ బేరం జేస్తున్నరు."

భూలక్ష్మి నవ్వలేదు. ఆమెకి ఆ మనిషి మొదటి చూపులోనే నచ్చలేదు. గొంతు మరీ నచ్చలేదు. బొంగురు, మాటకి మాటకి మధ్య ఎక్కడ ఊపిరి తీయాలో తెలియని గొంతు. అలాంటి గొంతుని తమ థియేటర్ గుమ్మం కూడా తొక్కనిచ్చేవాళ్ళు కాదు.

మొదటి మంగళవారం భూలక్ష్మి కూరగాయలకి యూసుఫ్‌గూడ వెళ్ళి, మనసొప్పక సగంలోనే తిరిగొచ్చింది. వచ్చేసరికి కంచం ఖాళీ.

"ఎవరు తిన్నారు?" అంది.

"నేనా? సారే తిన్నడు. పప్పు బాగుందని మల్ల ఏయించుకున్నడు గూడ."

భూలక్ష్మి ఖాళీ కంచం ఎత్తి కిందా మీదా చూసింది. ఎందుకంటే అప్పటికి కొన్ని నెలలుగా సూర్యప్రకాశరావు ఆమె చేతి ముద్ద మింగడం లేదు. నోరు తెరుస్తాడు, ముద్ద తీసుకుంటాడు, అంతే. బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకుని బిగుసుకుపోతాడు. "ఏవండీ, నమలండి. మీకిష్టమైన గోంగూరండీ. నా బంగారం కదూ" అని ఆమె బతిమాలుతుంది. బతిమాలే కొద్దీ ఆయన చూపుడువేలు పైకి లేస్తుంది. ముప్పయ్యేళ్ళ కాపురం చేసిన మొగుడు వేలెత్తి నోర్మూసుకోమంటున్నాడు! పైగా ఎప్పుడైనా నోరు విప్పితే పిలిచేది లచ్చీ అని కాదు, మేడమ్ అని. ఎవరో పరాయిదాన్ని పిలిచినట్టు.

శుక్రవారం ఆమె బయటికెళ్ళినట్టు వెళ్ళి, తలుపవతల మెట్ల మీద నిలబడి వింది. వినడం ఆమె వృత్తి కాబట్టి ఒక్క అక్షరం పోలేదు. శకుంతల తన అత్తగారి గేదె ఎవరి పెళ్ళి పందిట్లోనో దూరిన కథ చెబుతోంది. లోపల సూర్యప్రకాశరావు నమిలే చప్పుడు, మధ్యలో నవ్వు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

"అమ్మా, ఏమనుకోకు, నీ గొంతు మైకుకి పనికిరాదు" అంటున్నాడాయన.

"మైకు నాకెందుకు సార్? మైకు లేకుంటెనే మా ఆయన చెవులు మూస్కుంటడు. ఇగో, ఇంకో బుక్క."

మళ్ళీ నవ్వు. భూలక్ష్మి మెట్ల మీద కూర్చుండిపోయింది. ఎంతమంది హీరోయిన్ల మీద కుళ్ళుకుందో, అదంతా ఈ గేదె కథ ముందు దిగదుడుపే. వాళ్ళు తన గొంతు వాడుకున్నారు. ఇది తన మొగుడినే వాడుకుంటోంది, అదీ సొంత గొంతుతో!

ఆ నెలాఖరుకి లీలాకుమారి వచ్చి ఆయన్ని పరీక్ష చేసింది. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. ఆమె మొహమాటం లేకుండా చెప్పింది.

"మనిషి బాగా చిక్కిపోయాడు. బుగ్గన పెట్టుకున్న అన్నం ఏదో ఒక రోజు ఊపిరితిత్తుల్లోకి పోతుంది భూలక్ష్మిగారూ. శకుంతల రోజూ మధ్యాహ్నం వస్తానంటోంది. ఇక తినిపించడం ఆవిడకి వదిలేయండి. ఆ టైములో మీరు ఆయనకి కనిపించకుండా ఉంటే మంచిది."

"మొగుడికి అన్నం పెట్టొద్దంటారా?"

"ఆయన తినాలంటున్నాను."

"ఒక్క నెల టైమివ్వండి డాక్టరుగారూ. మీ క్లాసుకి నేనూ వస్తాను."

లీలాకుమారి సంతోషించింది. భూలక్ష్మి వెళ్ళింది మాత్రం శకుంతల తన మొగుడికి ఏ మందు పెట్టిందో కనుక్కోడానికి.

ఆదివారం పొద్దున్న తరగతి. ఆ కాసేపు ఆయన దగ్గర మొదటి బ్యాచ్ వలంటీరు ఒకరు కూర్చునేవారు. రెండో బ్యాచ్‌లో సగం మంది సినిమావాళ్ళే కావడంతో లీలాకుమారికి కొత్త తలనొప్పి వచ్చింది. అందరూ నటించేస్తున్నారు. ఎన్నో సినిమాల్లో తల్లి వేషాలు వేసిన అనసూయమ్మ, రోగిగా కూర్చున్న ఒక బ్యాంకు గుమాస్తా కాళ్ళు పట్టుకుని "నాయనా, నన్ను గుర్తుపట్టవా!" అని గొల్లుమంది. గుమాస్తా బిక్కచచ్చిపోయాడు.

"అనసూయమ్మగారూ, మీరలా ఏడిస్తే పేషెంటు మిమ్మల్ని ఓదార్చాల్సొస్తుంది. గుర్తుపట్టావా అని అడగొద్దని గంట నుంచి చెబుతున్నాను కదా!"

"అడక్కపోతే సీను ఎలా పండుతుందమ్మా?"

"సీను పండక్కర్లేదు. ఆయన చొక్కా మార్చుకుంటే చాలు."

భూలక్ష్మి అన్నీ శ్రద్ధగా వింది. తియ్యగా మాట్లాడాలి. నెమ్మదిగా, ఎదురుగా కూర్చుని, తప్పులు దిద్దకుండా మాట్లాడాలి. మాట ఆపకూడదు, మాటే వాళ్ళకి ఊతకర్ర. ఇవన్నీ తను చేస్తూనే ఉందే! తియ్యగా మాట్లాడటం తనకి వీళ్ళు నేర్పాలా? మరి ఆ బొంగురుగొంతుది ఏం చేస్తోంది?

నాలుగో ఆదివారం లీలాకుమారి పాత్రలు తిప్పింది. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ళు రోగిగా కూర్చోవాలి, వలంటీరు ఆ ఇంటి మనిషిగా మాట్లాడాలి. భూలక్ష్మి సూర్యప్రకాశరావు అయింది. సాయం చేయడానికి వచ్చిన శకుంతల భూలక్ష్మి అయింది. శకుంతల కొంగు నిండుగా కప్పుకుని, చేతిలో బిస్కెట్టు ముక్క పట్టుకుని, గొంతు సాగదీసింది.

"ఏవండీ... ఒక్క ముద్దండీ... నా బంగారం కదూ అండీ..."

హాలంతా ఘొల్లుమంది. కోస్తా యాసకి అన్ని అండీలు తగిలించి ఎవరూ మాట్లాడరు, అయినా అది భూలక్ష్మేనని అందరికీ తెలిసిపోయింది. భూలక్ష్మి చెవులు వేడెక్కాయి. నన్ను వెక్కిరిస్తావా? సరే, నటన అంటే ఏమిటో చూడు అనుకుంది. బిస్కెట్టు నోట్లో పెట్టుకుని ఆయన కూర్చున్నట్టే కూర్చుంది. ఆయనలాగే తల కొంచెం కుడివైపు వంచింది, కళ్ళు మూసుకుంది. వేలు దానంతటదే లేచింది. ఎడమచెయ్యి మోకాలి మీద ఏదో మీటని తిప్పుతోంది. ఆయన అలా తిప్పుతాడని ఇంతవరకు ఆమె ఎవరికీ చెప్పలేదు, తను చూశానని కూడా ఆమెకి తెలియదు.

శకుంతల మాట్లాడుతూనే ఉంది. భూలక్ష్మికి ఆమె ఎక్కడ ఊపిరి తప్పుతోందో పట్టుకోవాలనిపించింది. బిస్కెట్టు కొరికింది. కరకరమని చప్పుడు, తలంతా ఆ చప్పుడే. శకుంతల మాట మునిగిపోయింది. భూలక్ష్మి దవడ ఆపేసింది. మాట మళ్ళీ తేలింది.

"ఎందుకు నమలడం లేదు?" లీలాకుమారి అడిగింది.

"నమిలితే వినపడదు" అంది భూలక్ష్మి, కళ్ళు తెరవకుండానే.

అన్నాక కళ్ళు తెరిచింది.

థియేటర్లో వక్కపొడి నములుతూ వచ్చిన అసిస్టెంట్లని ఆయన బయటికి గెంటేవాడు. నోరాడుతుంటే చెవి పనిచేయదురా, ఉమ్మేసి రా అని అరిచేవాడు. టేక్ నడుస్తున్నంతసేపు ఆయన మంచినీళ్ళు కూడా మింగేవాడు కాదు. తను ఏవండీ అని నోరు తెరవగానే ఆయనకి టేక్ మొదలైపోతోంది. ఎత్తిన వేలు తనని నోర్మూసుకోమనడం కాదు. మిగతా లోకాన్ని నోర్మూసుకోమనడం. తను ఎంత తియ్యగా, ఎంత సేపు బతిమాలితే అంత సేపూ ఆయన అన్నం బుగ్గన పెట్టుకుని, పాతికేళ్ళు విన్నట్టే తనని వింటున్నాడు. తనే మొగుడిని పస్తు పెట్టింది.

ఆమె స్థానంలో ఇంకెవరైనా ఉంటే కన్నీళ్ళు పెట్టుకునేవారు. అనసూయమ్మ అప్పటికే కొంగు తీసింది. భూలక్ష్మికి మాత్రం ముందు వచ్చింది గెలుపు. ఆమె శకుంతల వైపు తిరిగి, అందరూ వినేలా, అక్షరం అక్షరం విడదీసి చెప్పింది.

"ఆయన మీ మాట వినడం లేదండీ. ఒక్క ముక్క కూడా వినడం లేదు. అందుకే తింటున్నాడు."

శకుంతల చేతికంటిన బిస్కెట్టు పొడి దులుపుకుంది.

"వినకుంటె ఏమాయె అక్కా? తింటుండు గద."

మర్నాటి నుంచి ఇక రానక్కర్లేదని భూలక్ష్మి ఆమెకి చెప్పేసింది. మంచిదక్కా అని శకుంతల చెప్పులేసుకుంది. లీలాకుమారి ఫోన్ చేసి తొందరపడ్డారంది, మళ్ళీ అదే నోటితో మూడో బ్యాచ్‌కి వచ్చి ప్రేమతో ఎలా తినిపించాలో మాట్లాడమంది. "మా ఇంట్లో నోరు మూసుకుని తినిపించాలండీ. ఇది ఉపన్యాసానికి పనికిరాదు" అని భూలక్ష్మి ఫోన్ పెట్టేసింది.

మొదటి రోజు మాట్లాడకుండా ముద్ద పెట్టింది. ఆయన నమిలాడు, మింగాడు. ఆమెకి మహా గర్వం కలిగింది. సగం కంచం అయ్యాక ఆయన నెమ్మదించాడు, తల వంచాడు, వేలెత్తాడు. ఇంట్లో చీమ చిటుక్కుమనడం లేదు. రికార్డిస్టుకి పూర్తి నిశ్శబ్దమంటే ఇంకేముంది? టేక్ మొదలవబోతోందన్నమాట! ఆయన కదలకుండా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. అన్నం ఎండిపోయింది.

రెండో రోజు టీవీ పెట్టింది. మధ్యాహ్నం సినిమా వస్తోంది. మొక్కజొన్న చేలో ఒక బొంబాయి పిల్ల హీరోతో "పోండి బావా" అంది, భూలక్ష్మి గొంతుతో. సూర్యప్రకాశరావు దవడ ఠక్కున ఆగింది. కళ్ళు మూసుకుని, వేలెత్తి, ముఖం నిండా ఒక తృప్తి. భూలక్ష్మి ముద్ద చేత్తో పట్టుకుని ఆ ముఖాన్ని చూసింది. తన ఎదుట ఆ ముఖం అలా వెలిగి ఎన్నేళ్ళయిందో లెక్కే లేదు. ఎప్పుడో తనే చెప్పిన "పోండి బావా" మీద ఆమెకి ఒళ్ళు మండింది. టీవీ కట్టేసింది.

రేడియో పెడితే వార్తలు చదివేవాడి ఉచ్చారణ బాగుంది. ఆయన దాన్ని కూడా విన్నాడు. బయట బండలు పేలిస్తే ఉలిక్కిపడి కట్ అన్నాడు. మంచి గొంతు పనికిరాదు, నిశ్శబ్దం పనికిరాదు. ఏ రికార్డిస్టూ చెవి ఒగ్గని గొంతు ఒకటి గదిలో ఆగకుండా వాగుతూ ఉండాలి. అలాంటిది భూలక్ష్మికి తెలిసినంతలో ఒక్కటే ఉంది. ఒక రోజంతా పళ్ళు కొరుక్కుని, చివరికి మధురానగర్‌లో శకుంతల పక్కింటివాళ్ళ నంబరు తిప్పింది.

"తినుడు బంద్ జేసిండా అక్కా?"

"తింటున్నాడు. నేనే పెడుతున్నాను."

"మరి నేనెందుకు?"

"మీరు మాట్లాడాలి."

"నా మాట వింటలేడంటిరి గద?"

"అందుకే రమ్మంటున్నాను."

అవతల శకుంతల నవ్వింది. ఆ నవ్వు కూడా బొంగురే. "మంచిగుందక్కా, నాతోని డబ్బింగు చెప్పిస్తున్నరన్నట్టు. రేపొస్త" అంది. భూలక్ష్మి ఒంటిగంటకల్లా రమ్మంది. మాట మాత్రం నిజమే.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ కూర్చున్నారు. సూర్యప్రకాశరావు కుర్చీలో, భూలక్ష్మి కంచంతో ఆయనకెదురుగా పీట మీద, శకుంతల గోడకి చేరగిలబడి. ముందే ఒప్పందం కుదిరింది: భూలక్ష్మి పెదవి విప్పకూడదు, శకుంతల కంచం ముట్టకూడదు. శకుంతల తన తోడికోడలు గ్యాస్ సిలిండర్ కోసం చేసిన గొడవ మొదలుపెట్టింది. ఆయన తింటూ ఊఁ కొడుతున్నాడు, వినకుండానే. ఒకసారి భూలక్ష్మి కేసి చూసి, పనిమనిషితో అన్నట్టు మర్యాదగా "పప్పులో ఉప్పు తగ్గిందమ్మా, వంటావిడకి చెప్పు" అన్నాడు. భూలక్ష్మి తలూపింది. వంటావిడ ఆమే.

ముద్ద మింగి ఆయన గుమ్మం వైపు చూశాడు. కళ్ళల్లో ఎక్కడలేని ఆత్రం.

"భూలక్ష్మి మేడమ్ వచ్చారా?"

శకుంతల గ్యాస్ సిలిండర్ కథ మధ్యలో ఆగిపోయింది. ఏం చెప్పమంటావన్నట్టు భూలక్ష్మి ముఖంలోకి చూసింది.

భూలక్ష్మి గొంతులో మాట తయారుగా ఉంది. వచ్చానండీ అంటే చాలు. ఆ కళ్ళు మూతబడతాయి, ముఖం మీద ఆ తృప్తి వస్తుంది, ఈ బొంగురుగొంతు ఆడమనిషి ఎదురుగానే ఆయన మొత్తం తనవాడైపోతాడు. అన్నం బుగ్గన ఉండిపోతుంది. కంచంలో ఇంకా సగం పైన ఉంది. ఇంతవరకు ఎవరి మీదా పుట్టనంత కుళ్ళు ఆమెకి ఆ గుమ్మంలో కనిపించని భూలక్ష్మి మేడమ్ మీద పుట్టింది. తల అడ్డంగా ఊపింది.

"ఇంక రాలే సార్" అంది శకుంతల. "ఆటో దొర్కలేదట."

"వస్తుంది. ఆవిడ ఎప్పుడూ ఆలస్యం చెయ్యదు." ఆయన ఒక్కసారిగా హడావుడి పడి కుర్చీలో ముందుకి జరిగాడు, నోరు తెరిచాడు. "ఆవిడొచ్చిందంటే ఇక తినడం కుదరదు. త్వరగా పెట్టమ్మా."

భూలక్ష్మి త్వరగా పెట్టింది.